హౌసింగ్ విప్పే ముందు ఒక్కసారి నడిపి వినండి

పోయిన నెల లారీ వెనక ఇరుసు శబ్దాల గురించి రెండు ముక్కలు రాసి ఊరుకున్నానో లేదో, ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చి పడ్డాయి. గుయ్‌మంటోందని ఒకరు, గరగరమంటోందని ఒకరు, మా అత్తగారు నిద్రలో పళ్ళు కొరికినట్టు ఉందని ఒకాయన, ఎలాంటి శబ్దమో అందరూ బాగానే వర్ణించారు. కానీ అది ఎప్పుడొస్తుందో రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రేసు ఇచ్చినప్పుడా, కాలు తీసినప్పుడా, మలుపులోనా, బ్రేకు మీదా, ఎంత స్పీడులో, లోడుతోనా ఖాళీగానా, ఇది తెలియకుండా నేను ఇక్కడ కూర్చుని మీ బండికి జాతకం చెప్పలేను. సరే, ఉన్నంతలో పనికొచ్చే వివరం ఉన్న ఉత్తరాలు ఏరి జవాబులు రాస్తున్నాను. కొత్తవాళ్ళకి ఒక మాట: వెనక ఇరుసు నడుమ ఉబ్బుగా కనబడే ఇనుప పెట్టె హౌసింగ్. అందులో ఇంజన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్.

ప్రశ్న: మేస్త్రిగారూ, నాది ఆరు టైర్ల లారీ. విజయవాడ రూట్లో తిప్పుతాను. రెండు నెలల క్రితం క్రౌన్ పళ్ళు అరిగిపోతే సెకండ్ హ్యాండ్ క్రౌన్ దొరికిందని వేయించాను, పినియన్ మాత్రం బాగానే ఉందని పాతదే ఉంచారు. అప్పటి నుంచి 45 దాటగానే వెనక నుంచి సన్నగా ఊళ పెడుతోంది. కాలు తీస్తే ఆగిపోతుంది. "కొత్తలో అంతే, నడుస్తుంటే సర్దుకుంటుంది" అంటున్నాడు మా మెకానిక్. సర్దుకుంటుందా?
సూర్యాపేట నుంచి ఒక లారీ ఓనరు

జవాబు: సర్దుకోదు. రోజు రోజుకీ పెరుగుతుంది. చివరికి ఒకరోజు లోడు మీద పళ్ళు రాలిపోతాయి.

క్రౌన్, పినియన్ అనేవి ఒక జంట. ఫ్యాక్టరీలోనే రెండిటినీ కలిపి తిప్పి, ఒకదాని పళ్ళ మీద ఒకటి నూరి, ఆ రెండిటి మీదా ఒకే నంబరు చెక్కి పెట్టెలో పెడతారు. వేరే బండిలో, వేరే పినియన్‌తో లక్షల కిలోమీటర్లు తిరిగిన క్రౌన్ తెచ్చి మీ పినియన్‌కి కడితే, రెండిటి అరుగుడూ వేరు కాబట్టి పన్ను మీద పన్ను సరిగా కూర్చోదు. రెండూ 7/41 (పినియన్‌కి 7 పళ్ళు, క్రౌన్‌కి 41) అయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పళ్ళ లెక్క కుదిరింది గానీ పంటి ఒంపు కుదరలేదు.

మీరు రాసిన ఒక్క వాక్యం, "కాలు తీస్తే ఆగిపోతుంది" అన్నది, నాకు సగం పని తగ్గించింది. ఇంజన్ చక్రాన్ని లాగేటప్పుడు క్రౌన్ పంటికి ఉబ్బెత్తుగా ఉన్న వైపు పనిచేస్తుంది. కాలు తీశాక చక్రమే ఇంజన్‌ని లాగుతుంది కాబట్టి లోపలికి ఒంగిన వైపు పనిచేస్తుంది. ఒక వైపే ఊళ పెడుతోందంటే పంటి మీద ఆ వైపు ఆనిక చెడింది. బేరింగ్ పోయి ఉంటే రేసులోనూ, కాలు తీసినా, రెండిట్లోనూ గుర్రుమనేది. టైరు చప్పుడైతే న్యూట్రల్‌లో వేసినా మారదు. ఈ తేడా పట్టుకోవడానికి చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద 50లో వెళ్తూ నాలుగు సార్లు వినండి: రేసు ఇచ్చి లాగుతున్నప్పుడు, స్పీడు పెరగకుండా తగ్గకుండా పట్టి ఉంచినప్పుడు, కాలు పూర్తిగా తీసేసినప్పుడు, కాసేపు న్యూట్రల్‌లో. ఈ న్యూట్రల్ ముచ్చట చదును రోడ్డు మీదే. ఘాట్ దిగుతూ చేసి నా పేరు చెప్పకండి.

ఇప్పుడు ఏం చేయాలంటే, జంట నంబరు కలిసిన సెట్టు కొనండి. కొత్తది కొనే స్తోమత లేకపోతే సెకండ్ హ్యాండే అయినా ఒకే హౌసింగ్‌లోంచి దించిన క్రౌన్, పినియన్ రెండూ కలిపి తీసుకోండి. బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. పది పన్నెండు పళ్ళకి రంగు పూసి, క్రౌన్‌ని ఒక చేత్తో బిగబట్టి రెండో చేత్తో పినియన్ తిప్పితే ఎక్కడ ఆనుతుందో ఆ చోట రంగు చెరిగి అచ్చు పడుతుంది. అచ్చు పంటి మధ్యలో, అంచులకు తగలకుండా పడాలి. పంటి కొసన పడితే పినియన్ దూరంగా ఉంది. మొదట్లో, లోతుగా పడితే పినియన్ మరీ లోపలికి వచ్చింది. పినియన్ వెనక షిమ్ములు, అంటే పలుచటి రేకు బిళ్ళలు, మార్చి సరిచేయాలి. పంటి పొడవునా అటో ఇటో జరిగి పడితే క్రౌన్‌ని పక్కకి జరిపి ప్లే, అంటే పళ్ళ మధ్య వదులు, చూసుకోవాలి. ఆ ప్లే ఎంతో మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది, డయల్ గేజ్ పెట్టి కొలవాలి. "చేత్తో చూశాను, బాగానే ఉంది" అనే మెకానిక్ చేతిని నేనూ గౌరవిస్తాను గానీ, మిల్లీమీటరులో పదో వంతు ఏ చేతికీ తెలియదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన నడిపే లారీ మాదే. మిర్చి యార్డు లోడ్లు తోలుతారు. పది రోజులుగా వెనక ధబ్ ధబ్‌మని లెక్కగా కొట్టుకుంటోంది, బండి నెమ్మదిస్తే నెమ్మదిగా, జోరందుకుంటే జోరుగా. షెడ్డులో చూపిస్తే క్రౌన్ పన్ను విరిగింది, దించాలి, 40 వేలు అవుతుంది అన్నారు. ఈయనకేమో టెన్షన్, నాకేమో అనుమానం. దించనివ్వాలా?
గుంటూరు నుంచి ఒక సోదరి

జవాబు: మీ అనుమానం మంచిదే అమ్మా, ఇప్పుడే దించనివ్వకండి. ముందు మీరే లెక్కపెట్టండి, దీనికి మెకానిక్ అక్కర్లేదు.

10.00-20 సైజు టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఇంచుమించు 3.2 మీటర్లు కదులుతుంది. 20 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి అయిదున్నర మీటర్లు. అంటే చక్రం పది సెకన్లలో 17 చుట్లు తిరుగుతుంది. మీ ఆయన్ని కదలకుండా 20 మీద పట్టమని చెప్పి, పక్క సీట్లో కూర్చుని ఫోన్లో పది సెకన్లు పెట్టుకుని దెబ్బలు లెక్కపెట్టండి. 16, 17, 18 వస్తే అది చక్రంతో పాటు తిరుగుతున్న వస్తువు. పినియన్ పన్ను విరిగితే అలా లెక్కకి దొరకదు. 7/41 హౌసింగ్‌లో చక్రం ఒక చుట్టుకి పినియన్ దాదాపు ఆరు చుట్లు తిరుగుతుంది కాబట్టి పది సెకన్లలో వందకు పైనే కొడుతుంది, మీకు అది దెబ్బల్లా కాక గడగడమని ఒకే శబ్దంలా వినిపిస్తుంది.

క్రౌన్ మాత్రం చక్రంతో పాటే తిరుగుతుంది, కాబట్టి క్రౌన్ పన్ను విరిగినా 17 దెబ్బలే వస్తాయి. మీ షెడ్డువాళ్ళు చెప్పింది అందుకే కొట్టిపారేయలేను. కానీ క్రౌన్ పన్ను దెబ్బ రేసు ఇచ్చినప్పుడు ఒకలా, కాలు తీస్తే ఒకలా వినిపిస్తుంది, ఎక్కుడులో లోడు మీద గట్టిగా కొడుతుంది. టైరుకి ఆ తేడా తెలియదు, లాగినా వదిలినా ఒకటే కొట్టుడు. అందుకని ఆ పది సెకన్ల లెక్క రెండు సార్లు చేయండి, ఒకసారి లాగుతూ, ఒకసారి వదిలి.

మారలేదా, అయితే బండి ఆపి వెనక నాలుగు టైర్ల చుట్టూ అరచేయి పెట్టి తడమండి. లోపలి టైర్లు ముఖ్యం, అవి ఎవరూ చూడరు. రబ్బరు కట్టించిన టైరైతే కట్టు ఒక చోట లేచి అరచేయంత బుడ్డ వచ్చి ఉంటుంది. చూపుకి తెలియకపోయినా చేతికి తెలుస్తుంది. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి, అది శబ్దం చేసినా చేయకపోయినా తీసేయాలి, రెండు టైర్ల పక్కల్నీ కోస్తుంది, ఎగిరి వెనక బైకువాడికి తగిలిందంటే ఆ పాపం వేరు. వీల్ నట్ల చుట్టూ తుప్పు రంగు చారలు కారి ఉంటే నట్లు వదులైనట్టు, ఆ బండి అక్కడి నుంచి కదలకూడదు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే ధబ్ ధబ్ అంటే డ్రమ్ము గుండ్రం తప్పింది.

ఇవన్నీ చూసి, దెబ్బ లోడు మీద మారుతోందని తేలితే అప్పుడు కూడా ముందు హౌసింగ్ కింద బోల్టు విప్పి ఆయిల్ తెల్ల గిన్నెలోకి దించమనండి. ఆ బోల్టుకి అయస్కాంతం ఉంటుంది. బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుడు, కాటుకలా ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే ముక్కలు ఉంటే మీ షెడ్డువాళ్ళు నిజమే చెప్పారు, దించాల్సిందే. 40 వేల మాట గిన్నె చూశాకే.

ప్రశ్న: సార్, నేను భీమవరం నుంచి కోల్‌కతా చేపల లోడు తోలుతాను. క్లచ్ ప్లేటు మార్పించాక 55 దాటితే సీటు కింద జుయ్‌మని వణుకు, వెనక హౌసింగ్‌లోంచి మోత. క్లచ్ చేసినవాళ్ళు మాది కాదు, హౌసింగ్ బేరింగులు పోయాయి అంటున్నారు. క్లచ్‌కీ వెనక ఇరుసుకీ ఏం సంబంధం?

జవాబు: సంబంధం ఉంది తమ్ముడూ. ఆ రెండిటి మధ్యలో ఒక పొడుగాటి ఇనుప గొట్టం ఉంది. దాన్నే ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించాలంటే ముందు ఆ షాఫ్ట్ విప్పాలి. విప్పినవాడు గుర్తు పెట్టుకోకుండా మళ్ళీ ఎక్కిస్తే వచ్చే జబ్బు ఇదే. నిన్నటి దాకా బాగున్న బండి క్లచ్ షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజే హౌసింగ్ బేరింగులు పోగొట్టుకుందంటే నేను నమ్మను.

షాఫ్ట్ ఒక చివర క్రాస్ (షాఫ్ట్ వంగి తిరగడానికి ఉన్న కీలు) కొంచెం వంపులో తిరుగుతున్నప్పుడు అది ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండు సార్లు జోరందుకుని రెండు సార్లు మందగిస్తుంది. ఈ కుదుపుని రెండో చివర క్రాస్ సరిగ్గా ఎదురుగా మందగించి, జోరందుకుని చెల్లుకు చెల్లు చేస్తుంది. అలా జరగాలంటే రెండు చివరల యోక్‌లూ, అంటే క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్కలు, ఒకే వరసలో ఉండాలి, అందుకే జారే భాగం మీద బాణం గుర్తులు కొట్టి ఉంటాయి. ఆ గుర్తులు గ్రీజు, మట్టి కింద ఉంటాయి, తుడిచి చూసే ఓపిక ఉండాలి. ఒకటి రెండు పళ్ళు పక్కకి జరిపి దూర్చారంటే రెండు కుదుపులూ చెల్లకుండా కలిసి హౌసింగ్ మీద పడతాయి. 7/41 హౌసింగ్ అయితే 60లో మీ షాఫ్ట్ నిమిషానికి దాదాపు 1,800 చుట్లు తిరుగుతుంది, చుట్టుకి రెండు కుదుపులు, మరి సీటు వణకదా.

బండి కిందికి దూరి (హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి దిమ్మలు పెట్టి, తాళం మీ జేబులో ఉంచుకుని) ఒక పాత గుడ్డతో ఆ గొట్టం తుడిచి బాణాలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. గుర్తులు కనబడకపోతే రెండు చివరల యోక్‌ల చెవులు ఒకే తీరున నిలబడి ఉన్నాయా అని వెనక నుంచి ఒక కన్ను మూసి చూసినా పెద్ద తప్పు దొరుకుతుంది. అది సరిగా ఉంటే గొట్టానికి వెల్డింగ్ చేసిన చిన్న రేకు బిళ్ళ ఊడిందేమో చూడండి, అది బ్యాలెన్స్ కోసం పెట్టినది, కొందరు ఏదో పనికిమాలిన రేకు అనుకుని సుత్తితో ఊడగొడతారు. తర్వాత సెంటర్ బేరింగ్ రబ్బరు. తర్వాత క్రాస్‌లు: షాఫ్ట్‌ని చేత్తో కిందికీ పైకీ ఎత్తి దించితే టక్కుమని ఆడకూడదు.

ఇక మీ హౌసింగ్ గురించి ఒక మాట. పినియన్ ఫ్లాంజిని (షాఫ్ట్ వచ్చి హౌసింగ్‌కి బిగిసే బిళ్ళ) రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. మెలితిప్పితే కొంచెం ఆడటం మామూలే, పైకీ కిందికీ ఆడితే మాత్రం పినియన్ బేరింగ్ పని అయిపోయినట్టే. ఈ వణుకుతో మరికొన్ని ట్రిప్పులు కోల్‌కతా వెళ్ళొస్తే, క్లచ్ షెడ్డువాళ్ళ మాట నిజమయ్యే రోజు కూడా వస్తుంది.

ప్రశ్న: మొదటి గేర్‌లో క్లచ్ వదలగానే వెనక ఠక్. బ్రేకు కొట్టి ఆపితే మళ్ళీ ఠక్. నడుస్తుంటే ఏ శబ్దమూ లేదు. క్రౌన్‌లో ప్లే ఎక్కువైందంటున్నారు.
అనంతపురం నుంచి ఒక డ్రైవరు

జవాబు: కావచ్చు. కానీ నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వుకోండి.

నేను సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో అచ్చం ఇదే కంప్లయింటుతో ఒక బండి వచ్చింది. ఠక్ అనగానే ప్లే అనేశాను. రాత్రి దీపాలు పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళతో హౌసింగ్ దించి, కొలిచి, ఏమీ కనబడక, అయినా ఒప్పుకోవడానికి మనసొప్పక షిమ్ములు మార్చి తెల్లారేసరికి ఎక్కించాను. ఓనరు బండి కదిలించాడు, ఠక్. నా ముఖం చూడాలి. అప్పుడు టీ తెచ్చిన కుర్రాడు వెనక చక్రం దగ్గర చతికిలబడి, "అన్నా, బండి కదిలినప్పుడు ఈ ఇరుసు కమాన్ మీద జరుగుతోంది" అన్నాడు. ఇరుసుని కమాన్‌కి, అంటే బండి బరువు మోసే పట్టీల స్ప్రింగుకి, కట్టే యు బోల్టులు వదులై, కమాన్ కట్టలోని సెంటర్ బోల్టు తెగిపోయింది. లాగితే ఇరుసు ముందుకి ఒక అంగుళం, బ్రేకు కొడితే వెనక్కి. ఆ కుర్రాడు ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాడు, ఎప్పుడు కలిసినా ఆ ఠక్ అనే చప్పుడు నోటితో చేసి చూపిస్తాడు.

కాబట్టి మీరు కింద కూర్చోండి, ఇంకొకరిని బండి ముందుకీ వెనక్కీ ఒక్క అడుగు కదిలించమనండి. మీరు పక్కన, చక్రాలకి దూరంగా, కనబడే చోట ఉండాలి, కిందికి దూరొద్దు. యు బోల్టుల కింద కమాన్ పట్టీ మీద మెరిసే గీతలు ఉన్నాయా? ఇరుసు జరిగితే ఇనుము ఇనుముకి రాసుకుని ఆ చోట తుప్పు లేకుండా తెల్లగా మెరుస్తుంది. షాకిల్ పిన్నులు, బుష్‌లు చూడండి. క్రాస్‌లు చూడండి. యాక్సిల్ షాఫ్ట్ (హౌసింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) పళ్ళు అరిగినా ఇలాగే ఠక్ అంటుంది, మన లారీల్లో బరువంతా హబ్ మీదే ఉంటుంది కాబట్టి ఆ షాఫ్ట్‌ని హబ్‌కి బిగించిన నట్లు విప్పి, చక్రం తీయకుండానే బయటికి లాగి చూడొచ్చు. వెనకాల ఎక్కడా ఏమీ దొరకకపోతే, అప్పుడు ప్లే.

ప్రశ్న: నాది చీమకుర్తి క్వారీలో తిరిగే పది టైర్ల టిప్పర్, వెనక రెండు ఇరుసులూ లాగేవే. క్వారీలో బాగానే ఉంటుంది. తార్రోడ్డు ఎక్కి మలుపు తిప్పితే వెనక టైర్లు కీచుమంటాయి, లోపల ఫట్ ఫట్‌మని కొట్టుకుంటుంది. స్టార్ గేర్లు పోయాయా?

జవాబు: ముందు డిఫ్ లాక్ స్విచ్చి చూడండి. నవ్వొద్దు. క్వారీ బురదలో లాక్ వేసి, పైకొచ్చాక తీయడం మరిచిపోతారు, డ్యాష్‌బోర్డు మీద బల్బు కాలిపోయి ఏడాదై ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాని సర్దడానికే డిఫరెన్షియల్, దాని లోపలి చిన్న గేర్లే స్టార్ గేర్లు. లాక్ వేశాక రెండూ ఒకే చుట్టు తిరగాల్సిందే, తార్రోడ్డు జారనివ్వదు, అందుకని టైరు కీచుమంటుంది, లోపల షాఫ్ట్ మెలితిరిగి ఒక్కసారి వదిలేటప్పుడు ఫట్ అంటుంది. స్విచ్చి తీసినా ఒక్కోసారి ఆ బిగువు వల్ల లాక్ వదలదు, బండిని తిన్నగా కొంచెం వెనక్కీ ముందుకీ ఆడిస్తే వదులుతుంది.

లాక్ తీసే ఉందని గట్టిగా తెలిస్తే, అప్పుడు స్టార్ గేర్ల వంతు. అవి బండి తిన్నగా వెళ్తున్నప్పుడు తమ చుట్టూ తాము తిరగవు కాబట్టి తిన్నటి రోడ్డులో శబ్దం ఉండదు, మలుపులోనే బయటపడతాయి. వాటి వెనక వాషర్లు, నడుమ స్పైడర్ అరుగుతాయి. బురదలో ఒక పక్క చక్రం ఉత్తినే గిరగిరా తిరుగుతుంటే రేసు ఇస్తూ కూర్చుంటారే, ఆ పనే వీటిని తినేస్తుంది. చక్రం ఒకటి నిలబడి రెండోది తిరుగుతుంటే స్టార్ గేర్లు పిచ్చి వేగంతో తిరుగుతాయి, వాటికంత ఆయిల్ అందదు.

ఇంకో సంగతి. మీ రెండు ఇరుసుల టైర్లూ ఒకే అరుగుదలలో ఉన్నాయా? ముందు ఇరుసుకి కొత్తవి, వెనక ఇరుసుకి అరిగినవి వేస్తే రెండు ఇరుసుల మధ్య ఉన్న డిఫరెన్షియల్ తిన్నటి రోడ్డు మీద కూడా ఊపిరి తీసుకోకుండా పనిచేయాలి. పురికొస తీసుకుని ఒక్కో టైరు చుట్టూ చుట్టి ముడేసి కొలిచి చూడండి. అయిదు నిమిషాల పని.

లోడు గురించి మీరు రాయలేదు, నేను అడగను. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసుకి బరువు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకీ, జంట ఇరుసుకి 19 నుంచి 21 టన్నులకీ పెంచింది. అంతకు ముందు తయారైన హౌసింగులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం.

ప్రశ్న: నేను ఈ మధ్యనే క్లీనర్ నుంచి డ్రైవర్ అయ్యాను. ఎడమకి తిప్పితే గరగర, కుడికి తిప్పితే తగ్గుతుంది. కుడి వెనక హబ్ వేడిగా ఉంటోంది. ఓనరుకి చెప్తే "ముందు తోలు, తర్వాత చూద్దాం" అంటున్నాడు. ఎన్ని రోజులు తోలొచ్చు?
ఖమ్మం నుంచి ఒక కుర్రాడు

జవాబు: ఒక్క రోజు కూడా వద్దు తమ్ముడూ. ఎడమకి తిప్పితే బరువు కుడి పక్కకి ఒరుగుతుంది, కుడి హబ్ బేరింగ్ మీద భారం పెరిగి గరగరమంటుంది, కుడికి తిప్పితే ఆ భారం తగ్గి నోరు మూస్తుంది. పైగా కుడి హబ్బే వేడెక్కుతోంది. రెండు సాక్ష్యాలూ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. ఆ బేరింగ్ పట్టేసిందంటే హబ్బూ చక్రాలూ కలిసి బయటికి వచ్చేస్తాయి, నువ్వు ముందు వెళ్తుంటే నీ చక్రం నిన్ను దాటి పోతుంది.

వేడి చూసేటప్పుడు అరచేయి ఆనించకు, చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడు. హబ్ నడుమ వేడి ఎక్కువుంటే బేరింగ్, డ్రమ్ము చుట్టూ ఎక్కువుంటే ఆ పక్క బ్రేకు పట్టేసి ఉండొచ్చు, బ్రేకు బిగువు సర్దే స్లాక్ అడ్జస్టర్ చూపించాలి. తర్వాత చదును నేల మీద ముందు చక్రాలకి దిమ్మలు పెట్టి, వెనక పక్క జాకీ ఎత్తి కింద గట్టి స్టాండు ఉంచి, టైరు పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపు. ఆడితే ప్లే ఉంది. నెమ్మదిగా తిప్పి ఇంకో చేయి ఇరుసు మీద పెడితే ఇసక నమిలినట్టు చేతికి తగులుతుంది, చెవికన్నా చేయి నయం. ఒక పక్క చక్రమే ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేసి గేర్ వేసే పిచ్చి పని ఎవరు చెప్పినా చేయకు, నేల మీదున్న చక్రానికి కొంచెం పట్టు దొరికితే బండి జాకీ మీద నుంచి దూకుతుంది.

మీ ఓనరుకి ఇంకో మాట చెప్పు. ఇప్పుడైతే బేరింగులు, సీలు, గ్రీజు, ఒక పూట కూలీ. రోడ్డు మీద పట్టేస్తే హబ్బు, డ్రమ్ము, ఇరుసు కొస, క్రేను, లోడు మార్చే ఇంకో లారీ. మాట వినకపోతే ఈ పేజీ చూపించు.

ప్రశ్న: హౌసింగ్‌లో ఆయిల్‌తో పాటు గ్రీజు కలిపితే శబ్దం తగ్గుతుందట. నిజమేనా? అసలు ఏ ఆయిల్ పోయాలి?

జవాబు: తగ్గుతుంది. పాత బండి అమ్మేవాళ్ళకి ఈ కిటుకు బాగా తెలుసు, కొనేవాళ్ళకే తెలియాలి. గ్రీజు పళ్ళ మధ్యకి పారదు, బేరింగులకి చేరదు, శబ్దం తగ్గించి లోపల కాల్చేస్తుంది. మీరు పాత బండి కొనబోతుంటే హౌసింగ్ పక్క బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి, ముద్దలా వస్తే దండం పెట్టి వచ్చేయండి.

ఆయిల్ సంగతి మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. ఎక్కువగా జీఎల్-5 రకం 85డబ్ల్యు-140 గానీ 80డబ్ల్యు-90 గానీ ఉంటుంది. గేర్‌బాక్స్ ఆయిలూ ఇదీ ఒకటే అనుకుని ఒకే డబ్బాలోంచి పోయకండి. బండి చదునుగా నిలిపి, చల్లారాక, పక్క బోల్టు విప్పితే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి, ఎక్కువ పోసినా తప్పే. ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడితే నీళ్ళు చేరాయి, వాగులు దాటిన బండ్లకి ఇది మామూలే, వెంటనే మార్చాలి. హౌసింగ్ పైన గాలి వదిలే చిన్న బ్రీదర్ ఉంటుంది, బుడిపెలాంటిది, దాన్ని మట్టి మూసేస్తే లోపలి వేడికి గాలి ఉబ్బి ఆయిల్‌ని సీళ్ళలోంచి బయటికి తోస్తుంది, అది వెళ్ళి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. సీలు మూడుసార్లు మార్చినా కారుతోందని రాసిన నంద్యాల మిత్రుడు కూడా ముందు ఆ బుడిపె మీద మట్టి గీకి చూడాలి.

ప్రశ్న: శబ్దం ఫోన్లో రికార్డు చేసి పంపితే చెప్పగలరా?

జవాబు: ఊరికే పంపితే చెప్పలేను. ఇప్పటిదాకా వచ్చిన రికార్డింగుల్లో నాకు బాగా వినిపించింది క్యాబిన్లో పాటలు, కిటికీ గాలి. ఫోన్‌కి లోతైన మోత అందదు, సన్నటి ఊళ అందుతుంది. పంపాలనుకుంటే పాటలు ఆపి, అద్దాలు ఎత్తి, ఫోన్‌ని సీటు వెనక గుడ్డ మీద పెట్టండి. డ్రైవరే గట్టిగా నోటితో చెప్తూ ఉండాలి: "40, లాగుతున్నా. 50, లాగుతున్నా. కాలు తీశా. ఎడమకి తిప్పుతున్నా. బ్రేకు." లోడు ఎంతో, 6/41 హౌసింగా 7/41 హౌసింగా, వెనక టైర్లు ఎప్పుడు మార్చారో, ఈ మధ్య ఏ షెడ్డులో ఏం విప్పారో కింద రెండు లైన్లు రాయండి. షెడ్డు పేరు మాత్రం వద్దు, వాళ్ళతో నాకు గొడవెందుకు.